తిరిగియ్యని పండు

ఆపిల్ పండ్లు పంచేవాళ్ళు వస్తున్నారని ఆయా ముందే చెప్పి పోయింది.

"పక్కబట్టలు సదురుకోండ్రి. కొంగులు మంచిగ కప్పుకోండ్రి. మొగోళ్ళు గూడ ఉన్నరు."

వనజకు దడ మొదలైంది. కామారెడ్డి ఆసుపత్రికి వచ్చి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఆమెకు దడ పుట్టించనిది ఏదీ లేదు. సెలైన్ సీసాలో బుడగ కనిపిస్తే దడ. నర్సు చీటీ చూసి పెదవి విరిస్తే దడ. మనుమరాలు ఏడిస్తే దడ, ఏడవకుంటే ఇంకా దడ. పడుకున్న పసిదాని ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి వెచ్చగా తగిలినంకనే తీసేది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేలు అది. ఆకు మందమో పలుచనో తాకితే చెప్తుంది. ఆ ఊపిరిని మాత్రం రెండుసార్లు చూసుకుంటే గానీ నమ్మదు.

కూతురు సునీల దిండుకు ఒరిగి కూచుంది. పెద్దాపరేషన్ అయి ఇది మూడో రోజు. కుట్లు లాగుతున్నాయని మాట తగ్గించింది, తిండి అంతకంటే తగ్గించింది. పొద్దున పెట్టిన ఎల్లిపాయ కారం అన్నం డబ్బాలో అట్లనే ఉంది. పాలు చాలడం లేదు. పాప రెండు కిలోల రెండు వందల గ్రాములు. "తల్లి తింటేనే పిల్లకు పాలు. పిల్ల బరువు బాగా తగ్గితే అద్దాల పెట్టెల పెట్టాల్సొస్తది" అని డాక్టరమ్మ చెప్పింది. అద్దాల పెట్టె అన్న మాట విన్నప్పటి నుంచి వనజకు ఇంకో మాట చెవికెక్కడం లేదు.

వాళ్ళు పదిమంది దాకా వచ్చారు. ముందు ఇస్త్రీ మడత నలగని తెల్లంగీలో ఒకాయన, పేరు శైలేందర్ అట. ఏదో సంఘమట, వాళ్ళ పెద్దమనిషి పుట్టినరోజట. ఒక్కో మంచం దగ్గర ఆగడం, బాలింత చేతిలో ఆపిల్ పెట్టడం, ఆ ఆపిల్ మీదనే అందరూ తలో చెయ్యి వేయడం, ఫోటో.

"నవ్వమ్మా. జెర నవ్వు. పండు ఇటు తిప్పు, కనవడ్తలేదు."

పక్క మంచం మీద సాదియా పాలిస్తూ ఉంటే వాళ్ళమ్మ అన్వరి బేగం దుప్పటి పట్టుకుని అడ్డం నిలబడింది. "బాబూ, పిల్ల పాలు తాగుతున్నది. నా ఫోటో దీస్కోండ్రి, నేను భీ మంచిగనే ఉంట" అన్నది. వాళ్ళు నవ్వి, సాదియా చెయ్యి ఒక్కటి దుప్పటి బయటికి వచ్చేదాకా ఆగి తీసుకున్నారు.

సునీల చేతిలోనూ పెట్టారు. ఎర్రటి పండు, మీద చిన్న చీటీ. ఫోటో అయిపోయినంక కూడా ఆమె దాన్ని కింద పెట్టలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మూడు రోజుల్లో తినే వస్తువు ఒకటి ఆమె తనంతట తాను మొహం దగ్గరికి తెచ్చుకోవడం అదే మొదటిసారి. వనజ చూసింది.

అప్పుడు వెనక నుంచి ఒకాయన సంచి నోరు తెరిచి పట్టుకుని మొదటి మంచం నుంచి మొదలుపెట్టాడు.

"అమ్మా, పండ్లు గిందుల ఎయ్యండ్రి. పక్క వార్డుకు తక్కువ పడ్డయ్. ఆడ ఫోటోలైనంక మల్ల తెచ్చిస్తం."

పండ్లు ఒక్కొక్కటే సంచిలో పడ్డాయి. అన్వరి బేగం కూతురి చేతిలో పండు తీసి, "లేలో బాబా, లేలో" అని తనే వేసింది. సంచి సునీల ముందుకు వచ్చింది. సునీల చెయ్యి చాపబోయింది. ఆ పండును వనజ మధ్యలోనే అందుకుంది. అందుకుని సంచిలో వెయ్యలేదు. వేళ్ళు దాని చుట్టూ బిగుసుకున్నాయి.

"ఇయ్య" అన్నది.

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"ఏందక్కా?"

"ఇయ్య అంటున్న."

తలుపు దాకా పోయిన శైలేందర్ తిరిగి వచ్చాడు. "అందరిచ్చిండ్రు గదక్కా. ఒక్క పండుకు గింత లొల్లా? మల్ల తెచ్చిస్తమని చెప్తనే ఉన్నం."

"అందరిచ్చిండ్రు. నేనియ్య. ఫోటల ఈ పండు నా బిడ్డ చేతిలున్నది గద? ఊరంత సూస్తది గద? మరి గది బిడ్డదయితది గని మీదెట్లయితది?"

దుప్పటి వెనక అన్వరి బేగం నవ్వు ఆపుకోలేక దగ్గింది. శైలేందర్ మొహంలో నవ్వు మాత్రం కొంచెం పక్కకు జరిగింది.

"ఏ ఊరక్కా మనది?"

"ఎల్లారెడ్డి."

"మంచిగున్నరు ఎల్లారెడ్డోళ్ళు. ఉంచుకో, ఉంచుకో. ముడుపు గట్టి పెట్టుకో."

"కట్టుకుంట."

వాళ్ళు పోయారు. అప్పుడు వనజ మంచం పట్టె మీద కూలబడింది. పండును కొంగులో చుట్టి బట్టల సంచి అడుగున దాచింది. ఇక భయాలు వరసకట్టాయి. వాళ్ళు పెద్ద డాక్టరుకు చెప్తే? పేరు రాసుకుని పోయారేమో? సూది ఇయ్యకుంటే? డిశ్చార్జి చీటీ ఆపితే? సాయంత్రం నర్సు మామూలుగా వచ్చి, మామూలుగా సూది వేసి పోయేదాకా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పండ్లు ఎవరూ తెచ్చియ్యలేదు. అన్వరి బేగం తన రెండు చేతులు చూసుకుంటూ అన్నది: "నేను భీ గట్టిగ పట్టుకుంటే అయిపోతుండె అక్కా. ఈ చేతులకు అక్కల్ లేదు, తెలివి లేదు."

అందరూ సద్దుమణిగినంక సునీల అడిగింది. "అమ్మా, కోసియ్యవా?"

వనజ పండు బయటికి తీసింది. చూసింది. మళ్ళీ కొంగులో చుట్టింది.

"వద్దు బిడ్డా. పచ్చి పండు సల్లగ చేస్తది. నువ్వు తింటే పోరికి నిమ్ము చేస్తది."

"మరెందుకు కొట్లాడినవే?"

వనజ కొంగు ముడిని ఇంకోసారి బిగించింది.

"రమేశ్ ఉంటే నెయ్యిల ఏంచి పెడ్తుండె" అన్నది సునీల, గోడవైపు తిరుగుతూ. సునీల మొగుడు రమేశ్ మస్కట్‌లో ఒక కంపెనీ క్యాంపు వంటశాలలో పని చేస్తాడు. పోయిన సెలవుకు వచ్చినప్పుడు చేసి పెట్టాడట. అక్కడ మాంసం పక్కన, రొట్టె పక్కన కూరలాగా పెడతారట.

"పండును ఏంచుడేందే? ఇనలే, కనలే."

సునీల దుప్పటి మీదికి లాక్కుంది. ఆ మాట మాత్రం వనజ లోపల ఎక్కడో తట్టుకుని ఆగింది. ఏంచుడు. అంటే నిప్పు తాకించడం.

*

ఆరో రోజు ఆసుపత్రి బండిలో ఎల్లారెడ్డికి తెచ్చి దింపారు. లింగంపేట దాటినంక రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా వనజ కూతురి కడుపుకు తన చెయ్యి అడ్డం పెట్టింది, ఆ చెయ్యి కుట్లను ఆపుతుందన్నట్టు.

గుమ్మంలో అత్త మంగవ్వ కుంపటి రాజేసి కూచుంది. డెబ్బయి దాటిన మనిషి, నోట్లో రెండు పళ్ళు మిగిలాయి. కొడుకు, అంటే సునీల తండ్రి, పోయి నాలుగేండ్లైనా ఇంట్లో మాట మంగవ్వదే. బాలింత రాగానే తలకు గుడ్డ కట్టించింది, చెవుల్లో దూది పెట్టించింది, నులక మంచం కింద పొగ వేయించింది. ఉప్పు కూడా పెనం మీద ఏంచినదే వాడాలన్నది.

"పచ్చిది ఏదైనా సల్లదే. నిప్పు తాకినంక ఏదీ సల్లది గాదు" అన్నది. "పాత బియ్యం అన్నం, ఎల్లిపాయ కారం. ఇరవయ్యొక్క రోజులు గదే. నేను గట్లనే కన్న, గట్లనే పెంచిన."

సునీల నాలుగు ముద్దలు తిని పళ్ళెం జరిపింది.

మర్నాడు పదకొండు గంటలకు వీధిలో యాకూబు బండి గంట మోగింది. "జాంపండ్లే! తియ్యటి జాంపండ్లే!" వాకిట్లో బీడీలు చుడుతున్న వనజ చాట ఎత్తుకుని లోపలికి వచ్చింది. చలికాలమంతా ఆమె అంతే. ఆ బండి వాడకట్టు దాటేదాకా బయటికి రాదు. యాకూబుకు కూడా అలవాటై, ఈ గుమ్మం ముందు గంట కొట్టడం మానేశాడు. ఈ రోజెందుకో మరిచిపోయాడు.

ఇరవై నాలుగేండ్ల కింద ఇదే గడప మీద కూచుని వనజ ఒక జాంపండు తిన్నది. పదిహేను రోజుల బాలింత అప్పుడు. మూడో నాటికి ఒళ్ళోని కొడుకు నిమ్ము చేసి పోయాడు. "జాంపండు తిని కొడుకును మింగింది" అని మంగవ్వ అన్నది ఒక్కసారే. వాడకట్టు చాలాసార్లు అన్నది. వనజ మాత్రం రోజూ అనుకున్నది.

ఆ మధ్యాహ్నం ఊరి ఆశా కార్యకర్త ఆశమ్మ వచ్చి, గుడ్డ ఊయలలాంటి తూకం సంచిలో పాపను పెట్టి ఎత్తింది. ముల్లు ఆగేదాకా వనజ ఊపిరి తీయలేదు.

"అరవై గ్రాములు తగ్గిందమ్మా. ఈ రోజు మంగళారం. శుక్రారం మల్ల జోకుత. పెరగకుంటే రాసిస్త, కామారెడ్డికి తీస్కపోవాలె. ఆపరేషనైన మనిషి, బాలింత. అన్నీ తినాలె. పండ్లు గూడ తినొచ్చు."

"తినొచ్చు, తినొచ్చు" అన్నది మంగవ్వ. "ఆసుపత్రోళ్ళకేంది. పోతే మన పిల్ల పోతది గని."

వనజ ఇద్దరి మొహాలూ చూసింది. లోపలికి పోయి బట్టల సంచి అడుగు నుంచి ఆపిల్ తీసింది. ఒక పక్క కొంచెం మెత్తబడింది. ఆమె వేళ్ళు బిగించిన చోటేనేమో. పొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది.

ఏంచుడు అంటే ఆమె చేతులకు ఒక్కటే దారి తెలుసు. నూనె కాగింది. ఆవాలు, జీలకర్ర వేసింది. చిటపటమన్నాయి. పసుపు వేసింది. ఆపిల్ ముక్కలు వేసి కలిపింది. ఇంత ఉప్పు కూడా చల్లినంక, అప్పుడు గుర్తొచ్చింది ఇది దొండకాయ కాదని.

"అయ్యో!"

"ఏమైందే?" సునీల మంచం మీది నుంచి తొంగి చూసింది. మూకుడులో పచ్చగా, ఆవాలంటుకుని ఆపిల్ ముక్కలు. ఆమె పెదవులు బిగబట్టింది. ఆగలేదు. నవ్వు పొర్లింది. "అబ్బా... కుట్లు... అమ్మా, నవ్విపియ్యకే... ఆపిల్ పండుకు పోపు వెట్టినవా? కర్యాపాకు మరిసిపోయినవేందే!" రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఫోన్ అందుకుంది.

రమేశ్ ఫోన్‌లో కనిపించాడు. నెత్తికి తెల్ల టోపీ, వెనక గంగాళాలంత గిన్నెలు. మూకుడు చూపిస్తే ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అత్తమ్మా, చట్నీ వేస్తున్నరా?"

"నవ్వకు బిడ్డా. పిల్ల ఏం తింటలేదు, నాకేం సమజైతలేదు. ఎట్లనో జెప్పు."

అతను నవ్వు ఆపాడు. "తొక్క తియ్యకున్రి. లోపలి గింజల బొడ్డె తీసి, వేలంత మందం ముక్కలు కొయ్యున్రి. నెయ్యి కాగినంక పక్కపక్కకు పేర్చున్రి. కలపొద్దు. మనోళ్ళకు గరిటె ఆగదు, గదే తప్పు. ఒక పక్క ఎర్రగ కానియ్యున్రి, అప్పుడు తిప్పున్రి. ఇంత బెల్లం, ఇంత దాల్చినచెక్క పొడి. మూత పెట్టొద్దు, ముద్దయితది."

మంగవ్వ కర్ర పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. "ఏందది? సేపుపండా? బాలింతకు పండు వెడ్తున్నవా వనజా? మరిసిపోయినవా?"

గరిటె వనజ చేతిలో ఆగిపోయింది. మరిచిపోవడమా?

"మరువలే అత్తా. నిప్పు తాకినంక ఏదీ సల్లది గాదన్నవ్ గద. తాకిపిస్తున్న."

"నా మాట నాకే అప్పజెప్తున్నవా? పిల్లకేమన్న అయితే?"

"అయితే నన్నే అంటవ్. కొత్తనా?"

అలాంటి మాట ఈ ఇంట్లో వనజ నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. మంగవ్వ కర్ర తాటించుకుంటూ పోయి తన మూలన కూచుంది.

ఆ పోపు ఆపిలే జొన్నరొట్టె పక్కన పెడితే సునీల ఆవాలు ఏరి ఒక్కొక్కటే పళ్ళెం అంచున పెడుతూ రొట్టె మొత్తం తిన్నది. "బాలేదు" అన్నది. "ఇంక లేదా?" అన్నది.

ఆ రాత్రి వనజ నిద్రపోలేదు. పాప ముక్కు దగ్గర వేలు అట్లనే ఉంచింది.

*

బుధవారం పొద్దున గంట వినబడగానే చాట ఎత్తబోయి, దించింది. ముంత కింద దాచిన నోటు తీసుకుని వీధిలోకి నడిచింది. యాకూబు ఆమెను చూసి కంగారుగా బండి ముందుకు తోయబోయాడు.

"ఆపు యాకూబూ. ఆపిల్లున్నయా?"

"ఉన్నయ్ వదినె. వెనకకున్నయ్." జాంపండ్ల కుప్ప మీద తన కండువా కప్పాడు, ఆమెకు కనబడకుండా. వాసన మాత్రం కండువాకు ఆగలేదు. వనజ ఆ వాసనలో నిలబడే నాలుగు ఆపిళ్ళు వేలితో నొక్కి చూసి ఏరుకున్నది.

ఈసారి గరిటె పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూచుంది. నెయ్యి కాగింది. ముక్కలు పేర్చింది. కలపకుండా ఉండడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. మాడుతుందేమో, అంటుకుంటుందేమో, మొదలే పాడవుతుందేమో. వేళ్ళు మాటిమాటికి గరిటె వైపు పోతే ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నది. ముక్కల అంచులు ముడుచుకున్నాయి. వాసన మారింది. ఒక ముక్క తిప్పి చూసింది. ఎర్రగా, రొట్టె కాలినట్టు కాలింది. బెల్లం తురుము వేసింది. దాల్చినచెక్క ఇంట్లో లేదు. దాని బదులు శొంఠి పొడి వేసింది. శొంఠి బాలింతకు మంచిదని మంగవ్వే చెప్తుంది. ఏమంటుందో అననీ ఇప్పుడు.

మంగవ్వ వాసనకు రెండుసార్లు తల తిప్పింది.

సునీల రొట్టె తుంచి ముక్కను అందులో చుట్టి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "గిదేనే" అన్నది. "చెక్క వేరే ఉంటది గని, గిదే." ఆ తర్వాత ఎల్లిపాయ కారం అన్నం కూడా తిన్నది, పక్కన ఆపిల్ పెట్టుకుని. కారానికి ఒక ముద్ద, తీపికి ఒక ముక్క. రెండు పూటలూ, గురువారం మూడు పూటలూ. గురువారం రాత్రి పాప పాలు తాగుతూ తాగుతూ మింగలేక పొలమారింది. వనజ బెదిరి లేచింది. సునీల "పాలెక్కువొస్తున్నయే" అని నవ్వి, పిల్ల వీపు నిమిరింది.

శుక్రవారం ఆశమ్మ తూకం దూలానికి తగిలించే వరకు వనజ నాలుగుసార్లు వాకిలి ఊడ్చింది. సంచి ఊగి ఆగింది.

"తొంభై గ్రాములు పెరిగింది. పోయిన అరవై వచ్చింది, మీద ముప్పై. ఇట్లనే పెట్టున్రి. కామారెడ్డి అక్కర్లేదు."

వనజ గోడకు ఆనుకుంది. "మంచిగ సూసినవా? ముల్లు సరిగ్గున్నదా? ఇంకోపారి జోకు."

ఆశమ్మ నవ్వి ఇంకోసారి జోకింది. అంతే వచ్చింది.

ఆమె పోయినంక వనజ మూకుడు పెట్టింది. ఉన్న ఆఖరు ఆపిల్ కోసి పేర్చింది. మంగవ్వ వచ్చి పీట లాక్కుని పొయ్యి పక్కన కూచుంది. చాలాసేపు మూకుడులోకి చూసింది.

"గిది మెత్తగుంటదా?"

"ఉంటది. నోట్ల పండ్లు లేకున్న తినొచ్చు."

వనజ ఒక ముక్క ఆకులో పెట్టి ఇచ్చింది. మంగవ్వ చిగుళ్ళతో నములుతూ, మింగుతూ, ఆకును వేలితో తుడిచింది. ఆ తర్వాత మొహం ఎత్తకుండానే మాట్లాడింది.

"నువ్వు జాంపండు తినకముందు నుంచే పోరనికి దగ్గున్నదే."

వనజ మూకుడు మీది నుంచి తల ఎత్తింది.

"రెండు రోజుల ముందునుంచే రొమ్ము ఎగిరిపడ్తుండె. నేను సూసిన. ఆసుపత్రికి తీస్కపోదామని మీ మామ బండి గట్టిండు. గింత సలిల పసిగుడ్డును బయటికి తీస్తరా అని నేనే ఎడ్లను ఇప్పించిన."

నెయ్యి చుయ్‌మంటున్నది. మంచం మీద సునీల పాలివ్వడం ఆపి నాయనమ్మ వైపు చూసింది.

"మరి నన్నెందుకన్నవ్?" వనజ అడిగింది. అరవలేదు. సామాను ఖరీదు అడిగినట్టు అడిగింది.

"ఎవల్నో ఒకల్ని అనాలె గదనే. నన్ను నేను అనుకుంటే బతుకుదునా?"

"నేను బతికిన గద అత్తా. ఇరవై నాలుగేండ్లు."

మంగవ్వ ఆకును నాలుగు మడతలు పెట్టింది. ఇంకా చిన్నది కాదని తెలిసినా ఐదో మడత పెట్టబోయింది.

వనజ ముక్కలు ఒక్కొక్కటే తిప్పింది. ఏదీ మాడలేదు. బెల్లం వేసింది, శొంఠి చల్లింది, రొట్టె పక్కన వడ్డించి పళ్ళెం కూతురికి ఇచ్చింది. పొయ్యి ఆర్పింది. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. వీధి చివర గంట వినబడుతున్నది. ఈ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలా ఆగిపోయింది.

"యాకూబూ!" అని గడపలోంచే కేక వేసింది. "గంటెందుకు ఆపినవ్? ఒక జాంపండియ్యి. కండువ దీసి మంచిది సూసియ్యి."

యాకూబు ఆమె మొహం చూసి, లోపల ఉన్న ముసలమ్మను చూసి, ఒక దోర పండు ఏరి నీళ్ళతో కడిగాడు. "ఉప్పుకారం పెట్టాల్నా వదినె?"

"వద్దు. గట్లనే ఇయ్యి."

గడప మీద కూచుంది, ఆ రోజు కూచున్న చోటనే. అప్పటిలా ఒక్కతే బయటికి తిరిగి కాదు, లోపలికి తిరిగి కూచుంది, మంగవ్వకు ఎదురుగా. కొరికింది. కరుక్కుమన్న చప్పుడు ఇల్లంతా వినబడింది. గింజలు పంటి కింద పడ్డాయి. రుచి మరిచిపోలేదు.

లోపల పాప తుమ్మింది.

వనజ దవడ ఆగిపోయింది. వేలు తనకు తెలియకుండానే లేచింది, పసిదాని ముక్కు దగ్గరికి పోవడానికి. మంగవ్వ ఆమె వైపే చూస్తున్నది. సునీల చూస్తున్నది. పాప ఇంకోసారి తుమ్మి, రొమ్ము వెతుక్కుని, తాగడం మొదలుపెట్టింది.

వనజ వేలు దించి, పండును రెండో పక్కకు తిప్పి మళ్ళీ కొరికింది.